హెస్టర్ కాఫీ తాగదు

“వాయించేవాళ్ళు నలుగురు, కప్పులు మూడు,” అంటూ మా అత్తగారు రికా చీటీ మీద రాసుకున్నారు. “హెస్టర్ కాఫీ తాగదు.”

ఆ మాట అన్నప్పుడు ఆవిడ మా వంటింట్లోనే కూర్చున్నారు. ఎదురుగా నేనే ఉన్నాను. నా చేతిలో ఉన్నది ఆ పొద్దుటికి మూడో కప్పు కాఫీ.

“ఇదేమిటత్తయ్యా మరి?” అని కప్పు ఎత్తి చూపించాను.

“ఇంట్లో సంగతి కాదమ్మా, కచేరీల్లో. ఇరవై మూడేళ్లుగా విరామంలో కాఫీ పోస్తున్నది నేనేగా! ఒక్కసారైనా బల్ల దగ్గరికొచ్చావా? పాపం, కడుపులో పడదేమోలే అనుకున్నాను.”

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఊరు డెవెంటర్‌లో మా కచేరీలన్నిటికీ విరామం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నా భర్త వీబె వయొలిన్ పెట్టెలో పెట్టేసి జనం మధ్యలోకి వెళ్లి మెచ్చుకోళ్లు అందుకుంటాడు. చెక్క వేణువు వాయించే ఫెడ్డె గుమ్మం బయట సిగరెట్ కాలుస్తాడు. చెల్లో వాయించే మారిట్ తన వంతు బిస్కెట్టూ ఫెడ్డె వంతు బిస్కెట్టూ తింటుంది. నేను నా హార్ప్సికార్డ్ మీదికి వంగి శ్రుతి చేస్తూ ఉంటాను.

మేము మూడువందల ఏళ్ల కిందటి సంగీతాన్ని అప్పటి వాద్యాల మీదే వాయిస్తాం. వీబె వయొలిన్‌కి గొర్రె పేగు తీగలు. నా వాద్యం చూడటానికి పియానోకి సన్నబడ్డ బంధువులా ఉంటుంది. మీట నొక్కితే లోపల చిన్న ఈకముక్క తీగను మీటుతుంది. ఆ ఈకలు కూడా ఐసెల్ నది ఒడ్డున సైకిల్ ఆపి నేనే ఏరుకొస్తాను, బాతులు వదిలేసినవి. అలాంటి తీగలు వందకు పైగా ఉంటాయి. చర్చిలో హీటర్ వేస్తే అలుగుతాయి, ఆపితే అలుగుతాయి, తడి కోట్లతో జనం వచ్చి కూర్చుంటే అలుగుతాయి. బుజ్జగించడం నా పని.

గోడల మీద అంటించే పోస్టర్‌లో మా పేరు ‘వీబె హుక్‌స్ట్రా, మిత్రబృందం’ అని ఉంటుంది. పెళ్లినాటి నుంచి నేను మిత్రురాలిని.

ఇస్త్రీ బల్ల మీద నా మిత్రుడు వీబె నల్లచొక్కా ఉంది. కాలర్ దగ్గరికొచ్చేసరికి మిత్రుడే వంటింట్లోకి వచ్చాడు, ఒక చేతిలో రొట్టెముక్క, రెండో చేతిలో ఫోను.

“హెస్టర్, చిన్న మార్పు.”

మా ఇంట్లో తుఫానులన్నీ ఆ రెండు మాటలతోనే మొదలవుతాయి. పెళ్లయిన ఏడాది ‘చిన్న మార్పు’ అంటే మా పడకగది రిహార్సల్ గదిగా మారింది. తర్వాతి ‘చిన్న మార్పు’కి నేను సంగీత పాఠశాలలో ఉద్యోగం మానేసి బృందం రైలు టిక్కెట్లు, హోటళ్లు, చర్చి వాళ్లకు రాయాల్సిన ఉత్తరాలు చూసుకోవడం మొదలుపెట్టాను.

“ఇవాళ రేడియో వాళ్లు వస్తున్నారుగా,” అన్నాడు. “విరామం తర్వాత నీ సోలో తీసేద్దాం. దాని బదులు నేను ఎఫ్ మైనర్ సొనాటా వాయిస్తాను. రేడియోలో అది బాగుంటుంది. నీది ఇంకోసారి పెట్టుకుందాం, సరేనా?”

ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టాను. లేకపోతే కాలర్ కాలేది.

నా సోలో ఏడు నిమిషాలు. డి మైనర్‌లో నాలుగు చిన్న నాట్యాలు. ఇరవై మూడేళ్లలో నేనొక్కదాన్నే వాయించబోయే మొదటి ఏడు నిమిషాలు. క్రిస్మస్ పండుగ నాడు అందరి ముందూ అతనే మాటిచ్చాడు. నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే ఆరింటికి లేచి, అతని నిద్ర చెడకుండా తీగలకు తోలుముక్కలు ఆనించి, చప్పుడు పైకి రాకుండా సాధన చేశాను. నా సంగీతం నాకే గొంతు తగ్గించి వినిపించుకున్నాను. కచేరీ వివరాల కాగితాలు గురువారమే అచ్చయ్యాయి. అచ్చు వేయించింది నేనే. అందులో నా పేరు పక్కన ‘సోలో’ అన్న మాటను రెండుసార్లు సరిచూసుకున్నాను, అచ్చుతప్పు లేదని కాదు, చూడటానికి బాగుందని.

“కాగితాల్లో ఉందిగా,” అన్నాను.

“దానికేముంది, వేదిక మీద చెప్పేస్తాను.”

“ఎఫ్ మైనర్‌కి శ్రుతి మార్చాలి వీబె. పద్దెనిమిది తీగలు. విరామమంతా దానికే సరిపోతుంది.”

“విరామంలో నువ్వెలాగూ చేసేది అదేగా!” అని నవ్వి, నా బుగ్గ మీద ఒక ముద్దు, చొక్కా మీద కాస్త వెన్న పెట్టి వెళ్లిపోయాడు.

అతను చెడ్డవాడు కాదు. ఇది చెప్పకపోతే మీరు తొందరపడతారు. నవ్విస్తాడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు, నా గురించి పత్రికలవాళ్లకు గొప్పగా చెబుతాడు. “హెస్టర్ వాయిస్తున్నట్టే తెలియదండీ, అదే ఆవిడ గొప్పతనం” అంటాడు. నా ముందున్న కాగితం మీద ఎడమచేతి స్వరాలు, వాటిమీద కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. ఆ అంకెలు చూసి కుడిచెయ్యి ఏం వాయించాలో అప్పటికప్పుడు నేనే కల్పించాలి. అతను తొందరపడితే నేను పరిగెత్తాలి, అతను ఒక వరుస మర్చిపోతే ఆ గుంత మీద నేను పలక వెయ్యాలి. అతను పడలేదని చప్పట్లు అతనికి. ఇంటి పని కూడా అచ్చం ఇంతే. కాగితం మీద ఏమీ రాసి ఉండదు, అన్నీ సమయానికి జరిగిపోతాయి.

అత్తగారు చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నారు. “ఇంకోసారి వాయిద్దువులే అమ్మా. మగవాళ్లకి రేడియో అంటే పిచ్చి. వాళ్ల నాన్న కూడా ఇంతే, చర్చి పత్రికలో పేరు పడితే ఫ్రేము కట్టించేవాడు.”

పదకొండింటికి హార్ప్సికార్డ్ కాళ్లు విప్పి, దుప్పట్లు చుట్టి, నేనూ మారిట్ వ్యానెక్కించాం. అరవై కిలోలు. వీబెకి భుజం నొప్పి, వయొలిన్ మోయాలి. ఫెడ్డెకి వేళ్లు ముఖ్యం.

“నీ సోలో తీసేశాడట కదా?” అంది మారిట్ బెల్టు బిగిస్తూ. “నేనైతే ఈ పెట్టెను వాడి కాలి మీద దించేదాన్ని.”

“కాలిరిగితే కట్టు కట్టేది నేనేగా.”

“అదీ నిజమే,” అని నిట్టూర్చింది.

ఒంటిగంటకు చేపల సందు చివరి చర్చిలో నేనొక్కదాన్నే కూర్చుని శ్రుతి మొదలుపెట్టాను. శ్రుతి తాళంచెవి అంటే అరచేతిలో పట్టే చెక్కపిడి, దాని చివర ఇనప గొట్టం. తీగ చుట్టిన మేకుకి తొడిగి వెంట్రుకవాసి తిప్పాలి. మా పాత శ్రుతిలో ఒక చమత్కారం ఉంది. పైవరసలోని ఒక్కో మీట ఒక్క స్వరానికే పనికొస్తుంది. జి షార్ప్ అని శ్రుతి చేస్తే జి షార్పే. ఆ మీటనే ఎ ఫ్లాట్ అని నొక్కితే లోపల ఏదో జంతువు కాలు తొక్కినట్టు అరుస్తుంది. మావాళ్లు దాన్ని తోడేలు అంటారు. ఇప్పటి పియానోలు రెండింటికీ మధ్యస్థంగా సర్దుకుపోతాయి. నా వాద్యం సర్దుకుపోదు.

నేను సర్దుకుపోతాను. అందుకే దానికి సర్దుకుపోవలసిన అవసరం ఇన్నాళ్లూ రాలేదు.

ఆ మాట తట్టగానే చేతిలో తాళంచెవి ఆగింది. మళ్లీ పనిలో పడ్డాను. కచేరీలో మొదటి సగానికీ నా డి మైనర్‌కీ ఒకే శ్రుతి. చివర్లో ఉన్న వేణువు పాటకీ అదే. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయిస్తే ఒక్క తీగ కూడా మార్చక్కరలేదు. ఆ క్రమం వేసింది నేను. విరామంలో పని తగ్గించుకోవాలని ఇరవై మూడేళ్లలో మొదటిసారి నాకోసం నేను వేసుకున్న పథకం. తోడేలును పిలిచేది ఎ ఫ్లాట్‌లతో నిండిన ఒక్క ఎఫ్ మైనరే.

మూడయింది. చర్చి నిండింది. రేడియో అమ్మాయి మైకు స్టాండు తెచ్చి సరిగ్గా వీబె నిలబడే చోటికి ఎదురుగా పెట్టింది. మొదటి సగం హాయిగా సాగిపోయింది. నేను ఎప్పటిలాగే వెనకాల కూర్చుని అతని వీపు చూస్తూ వాయించాను. ఆ వీపు నాకు కంఠతా వచ్చు. ఎడమ భుజం కాస్త ఎత్తితే నెమ్మదిస్తాడు, మోకాలు వంచితే దూకుతాడు. చప్పట్లు మోగాయి. అతను వంగి దండం పెట్టాడు, తర్వాత చెయ్యి మావైపు విసిరాడు, అక్కడేవో సామాన్లు ఉన్నాయన్నట్టు.

మూడు గంటల యాభై నిమిషాలు. విరామం.

కుర్చీలు కదిలాయి. కాఫీ వాసన వచ్చింది. నా చెయ్యి దానంతటదే తాళంచెవి అందుకుంది.

ప్రతి కచేరీలోనూ ఈ సమయానికి ఒక పెద్దమనిషి నా వాద్యం మీదికి వంగుతాడు. మనిషి మారతాడు, ప్రశ్న మారదు. ఈసారి ఎర్ర మఫ్లరాయన. “ఇది పియానోకి అమ్మమ్మా అండీ?”

మామూలుగా తలెత్తకుండా ‘అవునండీ’ అంటాను. పద్దెనిమిది తీగలుంటే మాటలకు టైమెక్కడిది?

“కాదండీ,” అన్నాను. “పెద్దమ్మ. పెళ్లి చేసుకోలేదు.”

ఆయన గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ చూస్తే, చేతిలో తాళంచెవి ఇంకా ఏ మేకుకీ తొడగలేదు. మూడు యాభై రెండు. తొడిగితే ఇంకా టైముంది. తొడగకపోతే ఇవాళ నాలుగూ పదికి ఈ చర్చిలో ఒక తోడేలైనా అరవాలి, లేదా నేనైనా వాయించాలి.

“మీ సోలో కోసమే వచ్చానండీ,” అన్నాడాయన, కాగితం చూపిస్తూ. “ఈ పెట్టె ఒక్కటీ మోగితే ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు.”

నేను తాళంచెవి జేబులో వేసుకుని లేచాను.

వేదిక దిగి కాఫీ బల్లదాకా ముప్పై అడుగులుంటాయేమో. ఆ దారి నాకు కొత్త. వరుసలో నిలబడ్డాను. నా ముందు మారిట్ ఉంది. వెనక్కి తిరిగి నన్ను చూసి, నోట్లో బిస్కెట్ నమలడం ఆపేసింది.

“ఏమైంది? చర్చి కాలిపోతోందా?”

“కాఫీకొచ్చాను.”

ఆమె పక్కకు జరిగి నన్ను ముందుకు తోసింది.

బల్ల వెనక అత్తగారు ఏప్రన్ కట్టుకుని యంత్రంలా పోస్తున్నారు. ఒకరికి ఒక కప్పు, ఒక బిస్కెట్, వెంటనే టక్కున డబ్బా మూత. తలెత్తి నన్ను చూశారు. చేతిలో కెటిల్ గాల్లో ఆగింది.

“నీకు కప్పు పెట్టలేదే!” అన్నారు. “నువ్వు తాగవుగా?”

“తాగుతానత్తయ్యా. రోజుకి ఐదు కప్పులు తాగుతాను. ఇన్నేళ్లూ ఈ ఇరవై నిమిషాల్లో శ్రుతి చేస్తున్నాను, అందుకే రాలేదు.”

“విరామం మొత్తమా?”

“మొత్తం.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ.”

వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆవిడ బల్ల కింద దాచుకున్న తన సొంత కప్పు తీసి, నిండా పోసి నా చేతిలో పెట్టారు.

“నీకొకటి చెప్పనా?” అన్నారు, గొంతు తగ్గించి. “వాడి కచేరీ రెండో సగం నేనెప్పుడూ వినలేదు. మీరు వాయించేటప్పుడు నేను వెనక గదిలో కప్పులు కడుగుతుంటాను. చప్పట్లు వినిపిస్తే అయిపోయిందని తెలుస్తుంది. ఇరవై మూడేళ్లు.”

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వాలో వద్దో నాకు తెలిసేలోగా ఆవిడే నవ్వారు. కాఫీ పలచగా, చర్చి కాఫీలన్నిటిలాగే ఉంది. అంత మంచి కాఫీ నేను తాగలేదు.

నాలుగు గంటల నాలుగు నిమిషాలకు వీబె నన్ను చూశాడు. ఎవరికో చెయ్యి ఊపుతూ వచ్చి, “ఓహో, అయిపోయిందా అప్పుడే? భలే!” అన్నాడు.

“మొదలుపెట్టలేదు.”

నవ్వు ముఖం మీదే ఉంది, కళ్లలోంచి మాత్రం పోయింది. “అంటే?”

“శ్రుతి మార్చలేదు. కాఫీ తాగుతున్నాను.”

“హెస్టర్! ఆరు నిమిషాలుంది! రేడియో!”

“తెలుసు.” జేబులోంచి తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టాను. “తొమ్మిది మీటలు, ఒక్కో మీటకు రెండేసి తీగలు. నీకు ఈ కప్పు కూడా ఇచ్చేదాన్నే, చల్లారిపోతుందని ఆగుతున్నాను.”

అతను పరిగెత్తాడు. నిజంగానే పరిగెత్తాడు. వేదికెక్కి వాద్యం మీదికి వంగి, రెండు వరుసల్లో బారులు తీరిన మేకుల వంక చూశాడు. ఒకదానికి తొడగబోయి ఆగాడు. ఇంకోదాని దగ్గరికి వెళ్లి ఆగాడు. తప్పు మేకు తిప్పితే తీగ టప్పున తెగుతుందని అతనికీ తెలుసు. ఎర్ర మఫ్లరాయన పక్కకొచ్చి ఏదో అడిగాడు. అమ్మమ్మ సంగతే అయ్యుంటుంది.

రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. నుదురు చెమట పట్టింది.

“మారిట్, నువ్వొక్కదానివే నాతో వాయించు. చెల్లో చాలు.”

“మొన్న పేపరువాళ్లతో ఏమన్నావు?” అంది మారిట్. “హార్ప్సికార్డ్ లేని సొనాటా పునాది లేని ఇల్లన్నావుగా. నేను ఇంటికి కిటికీనే తండ్రీ, నా వల్ల కాదు. పైగా నా బిస్కెట్ ఇంకా అవలేదు.”

“అది ఫెడ్డెది,” అన్నాడు అతను, ఊరికే.

తర్వాత నా వైపు తిరిగాడు. నేను అరవలేదు, ఏడవలేదు. అందుకేనేమో ఎటు నుంచి పట్టుకోవాలో అతనికి తెలియలేదు.

“దీనికి ఎంతసేపు పడుతుంది?” అన్నాడు నెమ్మదిగా. “రోజూ?”

“విరామమంతా అని పొద్దున చెప్పాను.”

“నేను... నువ్వేదో మాటవరసకి అన్నావనుకున్నాను.”

“వీబె, కాగితాల్లో ఉన్నదే వాయిద్దాం. దానికి శ్రుతి సిద్ధంగా ఉంది. నేనూ సిద్ధంగా ఉన్నాను.”

విరామం అయిందని గంట ఒకసారి మోగింది. జనం కుర్చీల వైపు నడిచారు. అతను వేదికెక్కి మైకు ముందు నిలబడ్డాడు. నేను కప్పు పెట్టేసి నా చోటికి వెళ్లి కూర్చున్నాను. మాట మార్చడానికి అతనికి ఒక్క వాక్యం చాలు. అందరినీ నవ్వించి, వేరే పాటేదో ఎత్తుకోగలడు. అలాంటివి వందసార్లు చేశాడు.

“కాగితంలో చూశారుగా,” అన్నాడు. “హెస్టర్.”

అంతే. వేదిక మీద అతనికిక పని లేదు. దిగి వెళ్లి ముందు వరుసలో ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. పక్క కుర్చీలో ఏప్రన్ విప్పి ఒళ్లో మడిచి పెట్టుకుని వాళ్లమ్మ కూర్చుని ఉంది.

రేడియో అమ్మాయి వంగుతూ వచ్చి మైకును నా వైపు తిప్పింది.

రెండు తీగలు కాస్త జారాయి. తాళంచెవి వీబె దగ్గరుంది. చెయ్యి చాచాను. అతను లేచి, నూట ఇరవైమంది చూస్తుండగా, తెచ్చిచ్చాడు. ఆ రెండు తీగలూ అందరి ఎదుటే సరిచేశాను, తొందరపడకుండా. అదే మొదటి పాట అనుకుని వెనకెవరో చప్పట్లు కొట్టారు. నవ్వు ఆగలేదు నాకు. ఆ నవ్వుతోనే మొదలుపెట్టాను.

తోలుముక్కలు లేవు. నాలుగు నెలలు గొంతు నొక్కి వాయించిన స్వరాలు ఇప్పుడు పైకప్పు దాకా వెళ్లి తిరిగొస్తున్నాయి. మొదటి నాట్యంలో వేళ్లు తొందరపడ్డాయి. రెండోదానికి సర్దుకున్నాయి. మూడోదాంట్లో ఒక స్వరం తప్పింది. ఎవరి గుంత మీదా పలక వెయ్యక్కరలేదు, నా గుంత నేనే దూకేశాను. జి షార్ప్ వచ్చిన ప్రతిచోటా, తనకోసమే కేటాయించిన చోట కూర్చున్న మనిషిలా, స్వచ్ఛంగా మోగింది. ఒకసారి తలెత్తితే వీబె ముఖం కనిపించింది. ఇరవై మూడేళ్లుగా నేను అతని వీపు చూశాను, అతను జనాన్ని చూశాడు. వాయిస్తుంటే నా ముఖం ఎలా ఉంటుందో అతను ఇవాళే చూస్తున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. రేడియో సంగతి మర్చిపోయినట్టున్నాడు.

ఏడు నిమిషాల తర్వాత చప్పట్లు నా వైపు వచ్చాయి. అవి ఎటు నుంచి వస్తాయో, వచ్చినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు అలవాటు లేదు. లేచి నిలబడ్డాను, అంతే. ఎర్ర మఫ్లరాయన అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

చివరి పాట అయ్యాక, జనం కోట్లు తొడుక్కుంటుంటే వీబె నా దగ్గరికి వచ్చాడు.

“నీ ఎడమచెయ్యి అలా ఉంటుందని నాకు తెలీదు,” అన్నాడు.

“నువ్వు ముందుకే చూస్తావుగా.”

“పొద్దున నేను... సరే, ఆ సొనాటా ఇంకోసారి పెట్టుకుందాం.” ఆ మాట తన నోట్లో ఎలా ఉందో తనకే తెలిసి ఇబ్బందిగా నవ్వాడు. “అది తిప్పడం నాకూ నేర్పిస్తావా?”

“నేర్పిస్తాను. ముందు ఇస్త్రీతో మొదలుపెడదాం. తీగలు తెగవు.”

హార్ప్సికార్డ్‌కి దుప్పట్లు చుట్టేటప్పుడు ఒక చివర వీబె పట్టుకున్నాడు. భుజం సంగతి ఎవరూ ఎత్తలేదు. తర్వాత కాఫీ కెటిల్ పెట్టి రావడానికి వెనక గదిలోకి వెళ్లాడు, అతని వెనక నేనూ వెళ్లాను. తలుపు దగ్గరే ఆగిపోయాడు. బల్లల మీద, కిటికీ గట్టు మీద, సింకులో, నేలమీది ట్రేలలో, నూట ఇరవై కప్పులు, అడుగున కాఫీ మరకలతో. మధ్యలో బిస్కెట్ డబ్బా, మూత తీసే ఉంది. ఫెడ్డె అందులో చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

అత్తగారు కోటు వేసుకుని బొత్తాలు పెట్టుకుంటున్నారు.

“అమ్మా,” అన్నాడు వీబె, “ఇవన్నీ ఎవరు కడుగుతారు?”

ఆవిడ పై బొత్తాం కూడా పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిపించారు.

“ఏమో నాయనా. మేము కచేరీకి వచ్చాం.”